మాన్యువల్ కారు, మామూలు టైర్లు: డ్రాగ్ లాంచ్‌లో మొదటి 18 మీటర్లలోనే ఓడిపోతున్నాను

గంటస్తంభం_టర్బో (విజయనగరం)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2021 ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోల్) ఉంది, 6 గేర్ల మాన్యువల్. ఇంజిన్ జోలికి పోలేదు, ట్యూనింగ్ లేదు, టైర్లు బండితో వచ్చినవే, 24 వేల కిలోమీటర్లు తిరిగాయి. పోయిన నెల చెన్నై వైపు ఒక డ్రాగ్ మీట్ (ఆగిన చోటు నుంచి నేరుగా క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటతారో చూసే పోటీ) ఉంటే ఇక్కడి నుంచి 800 కిలోమీటర్లు దాటి ఈ బండిలోనే వెళ్ళాను, ఆ టైర్ల మీదే పరిగెత్తించాను, మళ్ళీ వాటి మీదే ఇంటికొచ్చాను. కాబట్టి వేరే టైర్లు కొనుక్కోమనే సలహా వద్దు, ముందే చెప్తున్నా. ఉన్నవాటితోనే బాగా లాగాలి.

మూడు రన్‌లు దొరికాయి. మొదటిదాంట్లో 4000 ఆర్పీఎం పట్టి క్లచ్ ఒక్కసారి వదిలేశాను. టైర్లు కీచుమని అరిచాయి, పొగ వచ్చింది, జనం కేకలేశారు, బండి మాత్రం ముందుకి పోలేదు. ఫస్ట్ గేర్‌లోనే రెవ్ లిమిటర్‌కి, అంటే ఇంజిన్ తిరగగల పై హద్దుకి, కొట్టుకుంది. 60 అడుగుల (18 మీటర్ల) టైమ్ 2.91, మొత్తం క్వార్టర్ మైలు 18.1 సెకన్లు. రెండోసారి భయపడి 1800 దగ్గర మెల్లగా వదిలాను. బండి ముక్కింది, ఇంజిన్ ఆగిపోతుందేమో అనిపించింది, యాక్సిలేటర్ మొత్తం తొక్కేసరికి ఒక సెకను తర్వాత టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) అందుకుని ఒక పక్క చక్రం గిర్రున తిరిగింది. 2.78, 17.9. మూడోసారి ఏం చేశానో నాకే సరిగ్గా తెలియదు, ఎక్కడో మధ్యలో పట్టాను, 2.69, 17.6. చివర్లో స్పీడు మూడు రన్‌లకీ 128, 129, 130.

నన్ను బాధపెట్టేది ఏంటంటే, పక్క లేన్‌లో దాదాపు నా బండంత పవర్ ఉన్న కారే, మామూలు టైర్లే, 60 అడుగులు 2.4లో దాటింది, మొత్తం 17.0. అతని లాంచ్ దగ్గర నుంచి చూశాను, చప్పుడే లేదు. టైరు కొంచెం మూలిగినట్టు వినపడింది, అంతే, బండి వెళ్ళిపోయింది.

ఎంత ఆర్పీఎం దగ్గర పట్టాలి? టైర్లలో గాలి తగ్గించాలా? ముందు బర్నవుట్ (ఆగిన చోటే చక్రాలు తిప్పి టైర్లు వేడెక్కించడం) చెయ్యాలా? ఇంకో మీట్‌కి రెండు నెలలుంది. ప్రాక్టీస్‌కి భోగాపురం వైపు హైవే మీదకి ఉదయం 5 గంటలకి వెళ్దామనుకుంటున్నాను, ఆ టైములో రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా.

నాగావళి_402 (శ్రీకాకుళం)

తమ్ముడూ, నీ మూడు స్లిప్పులూ (రన్ అయ్యాక చేతికిచ్చే టైముల చీటీలు) ఒకే మాట చెప్తున్నాయి. క్వార్టర్ మైలు స్లిప్ చదివేటప్పుడు చివరి స్పీడునీ మొత్తం టైమునీ విడివిడిగా చూడాలి. చివరి స్పీడు ఇంజిన్ బలం గురించి చెప్తుంది, అది లాంచ్ బాగున్నా చెడినా పెద్దగా మారదు. మొత్తం టైము మాత్రం నువ్వు ఎలా బయల్దేరావో చెప్తుంది. నీతో కలిపి 1150 కిలోల చిల్లర బరువుండే 110 హార్స్‌పవర్ బండి చివర్లో 130 చూపించిందంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆ స్పీడుకి రావాల్సిన టైము 17కి అటూ ఇటూ. నువ్వు పోగొట్టుకున్న అరసెకను, సెకను అంతా మొదటి 18 మీటర్లలో పోయింది.

60 అడుగుల్లో పదో వంతు సెకను మిగిల్చావంటే 402 మీటర్ల చివరికి అది ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు అవుతుంది. ఎందుకంటే ముందు అందుకున్న స్పీడుని చివరిదాకా మోసుకెళ్తావు. 2.69ని 2.45 చేస్తే చాలు, ఏ పార్టూ కొనకుండా 17.2 దగ్గరికి వచ్చేస్తావు.

ఇప్పుడు అసలు సంగతి. నీది ముందు చక్రాలు లాగే బండి. బయల్దేరిన క్షణం నుంచి బరువు వెనక్కి జరుగుతుంది, అది అందరికీ తెలుసు, ఎంత జరుగుతుందో లెక్క కట్టినవాళ్ళు తక్కువ. నీ బండి ఎత్తు, చక్రాల మధ్య దూరం చూస్తే గట్టి లాంచ్‌లో దాదాపు 100 కిలోలు ముందు టైర్ల మీద నుంచి వెనక టైర్ల మీదకి పోతాయి. అంటే ఎంత గట్టిగా లాగితే అంత పట్టు పోగొట్టుకునే బండి ఇది. మామూలు టైరు మీద ఇలాంటి బండికి ఒక హద్దుంది, ఎంత మంచి డ్రైవరైనా 60 అడుగులు 2.4 దగ్గరే తిరుగుతాడు. నీ పక్క లేన్ అతను ఆ హద్దు మీద నడిపాడు, అందుకే చప్పుడు రాలేదు.

టైరు అస్సలు జారకుండా ఉన్నప్పుడు కాదు ఎక్కువ పట్టు ఇచ్చేది. రోడ్డు కన్నా చక్రం కొంచెం ఎక్కువ తిరగాలి, పది పదిహేను శాతం. అది దాటి ఒట్టినే తిరగడం మొదలైతే పట్టు పడిపోతుంది. వరి మడిలో ట్రాక్టర్ చూశావు కదా, చక్రం మెల్లగా తిరుగుతున్నంతసేపు మట్టిని పట్టుకుని లాగుతుంది, డ్రైవర్ కోపమొచ్చి రేజ్ చేశాడా అక్కడే గొయ్యి తవ్వుకుంటుంది. నువ్వు వినాల్సిన శబ్దం ఆ చిన్న మూలుగే. అరుపు వినపడిందంటే అప్పటికే టైము పోయింది.

ఆర్పీఎం అడిగావు. నీ ఇంజిన్ 1750 నుంచి 4000 దాకా పూర్తి టార్క్, 175 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, కానీ ఆగి ఉన్న బండిలో టర్బోకి గాలి సరిగ్గా నిండదు. అందుకే 1800కి ముక్కింది, తర్వాత టర్బో ఒక్కసారి అందుకునేసరికి నీ కాలు అప్పటికే యాక్సిలేటర్ మీద పూర్తిగా ఉంది కాబట్టి చక్రం తిరిగిపోయింది. రెండో రన్‌లో నువ్వు చేసిన తప్పు తక్కువ ఆర్పీఎం ఒక్కటే కాదు, ముక్కినప్పుడు కంగారుపడి మొత్తం తొక్కడం కూడా. 2500 నుంచి 2800 మధ్య మొదలుపెట్టు. క్లచ్ పట్టే చోటు దాకా చురుగ్గా వదిలి, అక్కడ ఆపు. మొత్తం వదలొద్దు. బండి కదిలి ఆరేడు మీటర్లు వెళ్ళేదాకా ఆ హాఫ్ క్లచ్‌లోనే ఉండి మెల్లగా వదులుతూ రా, అదే సమయంలో యాక్సిలేటర్ సగం నుంచి పైకి పెంచుతూ రా. టర్బో వచ్చే క్షణం నడుముకి తెలుస్తుంది, ఆ క్షణంలో కుడికాలు ఇంకా తొక్కకుండా అక్కడే పట్టి ఉంచాలి, టైరు తేరుకున్నాక మిగతాది. ఇది చదవడానికి పెద్దగా ఉంది కానీ మొత్తం ఒకటిన్నర సెకను పని.

చిన్న విషయాలు కొన్ని. స్టీరింగ్ నిటారుగా ఉండాలి, కొంచెం వంకరగా ఉన్నా ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) వల్ల బరువు తగ్గిన పక్క చక్రం తిరిగిపోతుంది. ఏసీ ఆపెయ్. డిక్కీలో స్టెప్నీ, జాకీ తీసి పక్కన పెట్టు, వెనక బరువు తగ్గితే ముందు చక్రాల వాటా పెరుగుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే పవర్ తగ్గించే ఏర్పాటు) ఆపే బటన్ నీ బండిలో ఉంటే ఆపి ఒకటి, ఆపకుండా ఒకటి చేసి చూడు. అది పవర్ కోసేసి తిరిగి ఇచ్చేసరికి టైము పోతుంది, కానీ చెయ్యి కుదరని రోజుల్లో అదే కాపాడుతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చు. గాలీ ఆర్పీఎమూ రెండూ ఒకేసారి మార్చావంటే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

ఇంకోటి, పచ్చ లైటు చూసి కంగారుపడకు. నువ్వు ఎంత ఆలస్యంగా కదిలావన్నది రియాక్షన్ టైమ్, అది వేరే లెక్క. నీ 17.6 గడియారం మొదలయ్యేది ముందు టైరు స్టేజ్ బీమ్‌ని (స్టార్ట్ లైన్ దగ్గర అడ్డంగా ఉండే కాంతి రేఖని) వదిలినప్పుడే. పోటీలో గెలవాలంటే రెండూ కావాలి. లాంచ్ నేర్చుకునే రోజున మాత్రం లైటుని పట్టించుకోకుండా కాళ్ళ మీదే మనసు పెట్టు. స్టార్ట్ లైన్ చేరేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వెలిగే రెండు లైట్లలో రెండోది వెలిగిన వెంటనే ఆగిపో, ఇంకా ముందుకి పాకొద్దు. బీమ్ దాటడానికి టైరుకి కొన్ని అంగుళాలు దొరుకుతాయి, గడియారం మొదలయ్యేలోపే బండి కదిలి ఉంటుంది.

సాలూరు_క్లచ్ (సాలూరు)

పైన అన్నయ్య చెప్పినదంతా నిజం. కానీ ఆర్పీఎం నంబరు దొరికితే పని అయిపోతుందనుకోకు బాబూ. పని ఎడంకాలిది.

మా ఊరంటే లారీలు. మా నాన్న ముప్పయ్యేళ్ళు లారీ నడిపాడు, సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు. నిండు లోడుతో ఘాట్ మలుపులో ఆగి, వెనక్కి జారకుండా, టైరు తిరగకుండా, క్లచ్ కాలకుండా బయల్దేరాలి. నాకు లారీ నేర్పినప్పుడు మొదటి వారం ఆయన యాక్సిలేటర్ తొక్కనివ్వలేదు. క్లచ్ పట్టే చోటు కాలికి తెలిసేదాకా ఇంకేమీ వద్దన్నాడు. నేను తర్వాత కారుల్లోకి వచ్చాను, డ్రాగ్ కూడా చేశాను, ఆ వారం నేర్చుకున్నదే ఇప్పటికీ నాకు పనికొస్తోంది.

నువ్వు చెయ్యాల్సింది ఇది. సీటు ఇంకో గడి ముందుకి జరుపు, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. మడమ నేల మీద ఆనించు. కాలు మొత్తం ఎత్తి క్లచ్ వదిలేవాడికి సన్నగా వదలడం రాదు, తొడ కండరం అంత నాజూకుగా పని చెయ్యదు. మడమ ఆనించి పాదం మాత్రమే తిప్పితే ఒక్కో మిల్లీమీటరూ నీ చేతిలో ఉంటుంది. పలచని అడుగున్న బూట్లు వేసుకో. చెప్పులతో అసలు చెయ్యొద్దు.

బండి సమతలం మీద పెట్టి, యాక్సిలేటర్ తొక్కకుండా క్లచ్‌తో మాత్రమే కదిలించు. రోజూ ఇరవై సార్లు. ఆగిపోతే ఆగిపోనీ. నాలుగు రోజుల తర్వాత 1500 పట్టి అదే పని, తర్వాత 2000. దీనికి స్పీడు అక్కర్లేదు, ఇంటి ముందు సందులోనే చెయ్యొచ్చు. చూసేవాళ్ళకి నువ్వు ఇప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంటున్నట్టు కనపడుతుంది, కనపడనీ.

క్లచ్ గురించి ఒక లెక్క గుర్తుంచుకో. బయల్దేరేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి, క్లచ్ పూర్తిగా పట్టేసరికి బండికి వచ్చిన స్పీడు మీద ఆధారపడుతుంది, అదీ స్పీడుకి వర్గంలా పెరుగుతుంది. 2500 దగ్గర పట్టుకుని చేసిన లాంచ్ కన్నా 5000 దగ్గర పట్టుకుని హాఫ్ క్లచ్‌లో లాగిన లాంచ్ నాలుగు రెట్లు వేడి పుట్టిస్తుంది. అందుకే ఎక్కువ ఆర్పీఎం పెట్టి ఎక్కువసేపు హాఫ్ క్లచ్‌లో ఉంచేవాడి క్లచ్ ప్లేటు రెండు మీట్‌లకే అయిపోతుంది. రెండు మూడు లాంచ్‌ల తర్వాత పది పదిహేను నిమిషాలు ఆపు. కాలిన వాసన వచ్చిందంటే ఆ రోజుకి చాలు. ఆ వాసన వచ్చాక ప్లేటు జారడం మొదలవుతుంది, నీకు టైరు జారిందో ప్లేటు జారిందో తెలియదు, దాంతో ఆ రోజు నేర్చుకున్నదంతా తప్పు అవుతుంది.

ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చేటప్పుడు కూడా క్లచ్ తన్నినట్టు వదలొద్దు. అక్కడా ఒకసారి టైరు తిరుగుతుంది, చాలామంది దాన్ని గమనించరు.

చీపురుపల్లి_గాలి (చీపురుపల్లి)

టైర్ల గురించి నేను చెప్తాను, మాది టైరు షాపే.

గాలి తగ్గించాలి, కానీ నెట్‌లో చూసి 18, 20 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించొద్దు. అవి మెత్తని పక్కలున్న డ్రాగ్ టైర్ల అంకెలు. మామూలు రేడియల్ టైరుని అంత దించితే మధ్య భాగం లోపలికి వంగి, నేలకి ఆనేది రెండు అంచులే అవుతాయి, పట్టు పెరగదు. పైగా చివర్లో 130 స్పీడులో బ్రేక్ కొట్టేటప్పుడు బండి పక్కకి ఈదుతుంది. డోర్ పక్కన స్టిక్కర్ మీద ఎంతుందో చూసి ముందు టైర్లలో నాలుగైదు తగ్గించు. 32 ఉంటే 28, మరీ అయితే 27. వెనక టైర్లలో తగ్గించొద్దు, రెండు మూడు ఎక్కువే పెట్టు, ఊరికే దొర్లే చక్రాలవి, గట్టిగా ఉంటే హాయిగా దొర్లుతాయి.

ఎప్పుడు కొలిచావన్నది ముఖ్యం. టైరు వేడెక్కే కొద్దీ గాలి పెరుగుతుంది, దాదాపు ప్రతి 5, 6 డిగ్రీలకి ఒక పీఎస్ఐ. మన దగ్గర మే నెల ఎండలో లైన్‌లో అరగంట నిలబెడితే ఎండ పడే పక్క టైరు ఒక లెక్క, నీడ పక్క టైరు ఒక లెక్క. అందుకే నీదంటూ ఒక గేజ్ కొనుక్కో. నీ ఒక్క పక్క చక్రమే తిరిగిందన్నావు కదా, నాకు వెంటనే వచ్చిన అనుమానం రెండు టైర్లలో గాలి తేడా. మా దగ్గరికి వచ్చే బళ్ళలో ఎడమ 36, కుడి 31 ఉన్నవి రోజూ చూస్తాను, ఎవరో ఎక్కడో కొలవకుండా కొట్టి పంపినవి.

బర్నవుట్ వద్దు. డ్రాగ్ టైరుకి వేడెక్కితే జిగురు వస్తుంది, మామూలు టైరుకి వేడి ఎక్కువైతే పైపొర జిడ్డుగా మారి ఇంకా జారుతుంది. స్ట్రిప్ (డ్రాగ్ ట్రాక్) మీద నీళ్ళు పోసిన చోటు ఉంటుంది కదా, దాన్ని పక్కనుంచి దాటి వెళ్ళు. గాడుల్లో నీళ్ళు చేరితే స్టార్ట్ లైన్ దాకా మోసుకెళ్తావు, అక్కడ చుక్కలు చుక్కలుగా కారుతుంది. దాటాక ఒక్క సెకను చక్రం తిప్పు, టైరుకి అంటుకున్న దుమ్మూ రాళ్ళూ పోతాయి, అంతే చాలు.

టైరు పక్కన డాట్ అని ఉండే వరసలో చివరి నాలుగంకెలు చూడు. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. గాడులు ఎంత లోతున్నా ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడిపోతుంది, గోరుతో నొక్కితే తెలుస్తుంది. నీవి బండితో వచ్చినవే అంటున్నావు కాబట్టి ఈ పాటికి గట్టిపడే ఉంటాయి. వేరే టైర్లు వద్దన్నావు, సరే. కానీ ఎలాగూ మార్చాల్సిన రోజు వచ్చినప్పుడు ఎక్కువ మైలేజీ ఇచ్చే గట్టి రబ్బరు కాకుండా మెత్తని రబ్బరున్న మామూలు రోడ్డు టైరే తీసుకో. ఇంకోటి, నైట్రోజన్ కొట్టిస్తే పట్టు పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

రణస్థలం_రోడ్డు (రణస్థలం)

మీరందరూ లాంచ్ గురించి చెప్పారు, అతను చివర్లో రాసిన వాక్యం ఎవరూ పట్టించుకోలేదు. భోగాపురం హైవే మీద ఉదయం 5 గంటలకి.

నేను ఆ హైవే పక్కనే ఉంటాను. తెల్లవారుజామున 16వ నంబరు హైవే ఖాళీగా ఉండదు, ఖాళీగా కనపడుతుంది. చింతపల్లి ఒడ్డు నుంచి చేపల ఆటోలు అప్పుడే పైకొస్తాయి. పాలక్యాన్లు కట్టుకున్న సైకిళ్ళు లైటు లేకుండా డివైడర్ సందులోంచి దాటతాయి. కంపెనీలకి షిఫ్టు జనం నడిచి వెళ్తారు. కొబ్బరి లోడు ట్రాక్టర్‌కి వెనక రెడ్ లైటు ఉండదు.

నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. ఇద్దరం రెండు బళ్ళు, తెల్లవారుజాము, చూసుకునే బయల్దేరాం. మూడో గేర్‌లో ఉండగా సైకిల్ తోసుకుంటూ ఒక పెద్దాయన సందులోంచి వచ్చాడు. బ్రేక్ మీద నిలబడ్డాను. బండి అడ్డం తిరిగి ఆయనకి నాలుగు అడుగుల దూరంలో ఆగింది. ఆయన నన్ను తిట్టలేదు. కాసేపు బండి వైపు చూసి సైకిల్ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన క్యాన్లు కొట్టుకునే చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది. నేను ఆ తర్వాత రోడ్డు మీద ఒక్క లాంచ్ కూడా చెయ్యలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్ చేసినా స్పీడు ట్రయల్ చేసినా, 2019 సవరణ తర్వాత, మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా లేదా రెండూ. రెండోసారి అయితే ఏడాది దాకా, 10 వేల దాకా. 

నీకు కావాల్సింది 18 మీటర్లు. గోడ ఉన్న స్థలం, యజమాని అనుమతి, అడ్డం ఎవరూ రాకుండా చూసే ఒక మనిషి. 60 అడుగులు దాటేసరికి నీ బండి 45 స్పీడులో ఉంటుంది, ఆగడానికి ఇంకో ముప్పై నలభై మీటర్లు పెట్టుకో. అంత జాగా మన దగ్గర ఎవరో ఒకరికి ఉంటుంది.

గంటస్తంభం_టర్బో (విజయనగరం)

రణస్థలం అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. హైవే ఆలోచన వదిలేశాను. మా మేనమామకి గజపతినగరం దగ్గర రైస్ మిల్లు ఉంది, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం వంద మీటర్లు పొడవుంటుంది. సీజన్ కాదు కాబట్టి ఖాళీగా ఉంది, ఆదివారాలు వాడుకోమన్నాడు. గేటు వేసి, మా తమ్ముణ్ణి నిలబెట్టి చేస్తాను.

ఒక సందేహం. 60 అడుగుల టైము అక్కడ ఎలా కొలవాలి? ఫోన్‌లో జీపీఎస్ యాప్ పనికొస్తుందా?

నాగావళి_402 (శ్రీకాకుళం)

ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకి ఒకసారే చదువుతుంది, నీకు కావాల్సింది పదో వంతులో తేడా, కుదరదు. సెకనుకి పదిసార్లు చదివే చిన్న జీపీఎస్ పెట్టెలు దొరుకుతాయి, డ్రాగీ లాంటివి, అవి నయం. డబ్బు పెట్టకూడదంటే సుద్దతో రెండు గీతలు గీయించు, మధ్యలో 18.3 మీటర్లు, టేపుతో కొలిచి. మీ తమ్ముడి ఫోన్‌లో స్లో మోషన్ 240 ఫ్రేములు పెట్టి పక్కనుంచి తియ్యి, ముందు టైరు కదిలిన ఫ్రేము నుంచి రెండో గీత దాటిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 240తో భాగించు. స్ట్రిప్ మీద వచ్చే అంకె కన్నా మూడు పదో వంతుల పైన ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అక్కడ బీమ్ దాటేదాకా గడియారం మొదలవదు, ఇక్కడ కదిలిన క్షణం నుంచీ లెక్కే. భయపడకు, నీ అంకెని నీ పాత అంకెతోనే పోల్చుకో.

కళ్ళం మీద ఊక దుమ్ము ఉంటుంది, తప్పకుండా ఊడ్పించు. నీళ్ళు కొడితే పూర్తిగా ఆరేదాకా ఆగు. నున్నటి సిమెంటు మీద స్ట్రిప్ కన్నా పట్టు తక్కువ, అక్కడ 2400 సరిపోతే స్ట్రిప్ మీద 2700 పడుతుంది. రబ్బరు పరుచుకున్న స్ట్రిప్ వేరు, లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద వ్యాలీ రన్ అనే డ్రాగ్ పోటీ జరుగుతుందే, అలాంటి రన్‌వే తారు వేరు. వెళ్ళిన చోట మొదటి రన్ ఎప్పుడూ తక్కువ ఆర్పీఎంతోనే చెయ్యి. ముక్కితే తర్వాతి రన్‌కి 200 పెంచు. పై నుంచి కిందకి రావడం కన్నా కింద నుంచి పైకి వెళ్ళడం టైరుకీ క్లచ్‌కీ మంచిది.

గంటస్తంభం_టర్బో (విజయనగరం)

మూడు ఆదివారాలు అయ్యాయి, ఏమైందో రాస్తున్నా.

మొదటి వారమంతా సాలూరు అన్న చెప్పినట్టు యాక్సిలేటర్ లేకుండా క్లచ్‌తోనే. రెండో రోజుకే తెలిసింది, నేను ఇన్నాళ్ళూ మడమ గాల్లో పెట్టి వదులుతున్నాను. సీటు ఒక గడి జరిపాను. ముందు టైర్లు కొలిస్తే నిజంగానే ఎడమ 33, కుడి 37, చీపురుపల్లి అన్న ఫోటో కూడా చూడకుండా పట్టేశారు. రెండూ 28కి తెచ్చాను, వెనక 35.

కళ్ళం మీద మొదటి ఆదివారం నా పాత పద్ధతిలో, 4000 పట్టి వదిలితే 3.2 చిల్లర. కొత్త పద్ధతిలో 2400కి అదే రోజు 3.0. నిన్నటి ఆదివారం పది లాంచ్‌లు చేశాను, మూడేసి చేసి ఆపుతూ. ఆరు 2.9 లోపు వచ్చాయి, అన్నిటికన్నా మంచిది 2.84. ఆ ఒక్కదాంట్లో ఆ మూలుగు విన్నాను, పక్క లేన్ అతని బండి చేసిన చప్పుడే. టర్బో అందుకునే క్షణంలో కుడికాలు కదపకుండా పట్టుకోవడం అన్నిటికన్నా కష్టంగా ఉంది, పదిలో నాలుగుసార్లు ఇంకా తొక్కేస్తున్నాను.

ఒక సమస్య. 3000 ప్రయత్నించినప్పుడు ముందు భాగం గడగడమని ఎగిరెగిరి కొట్టుకుంది, స్టీరింగ్‌లో కూడా తెలిసింది. చక్రం సాఫీగా తిరగడం కాదు, పట్టి వదిలి పట్టి వదిలినట్టు. వెంటనే కాలు తీసేశాను. ఇదేంటి?

సాలూరు_క్లచ్ (సాలూరు)

కాలు తీసేశావు, మంచి పని చేశావు. దాన్ని వీల్ హాప్ అంటారు. టైరు పట్టుకుంటుంది, ఇంజినూ సస్పెన్షనూ వెనక్కి మెలితిరిగి స్ప్రింగులా సాగుతాయి, టైరు వదిలెయ్యగానే తిరిగి కొడతాయి, మళ్ళీ పట్టుకుంటుంది. దాంట్లోనే తొక్కిపట్టి ఉంచితే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ విరుగుతుంది. అది మొదలైతే ఎప్పుడైనా సరే ఆ రన్ వదిలెయ్, స్ట్రిప్ మీదైనా సరే.

కారణం చాలాసార్లు ఇంజిన్ కింద ఉండే మౌంటింగ్. ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టేది అదే, దాని రబ్బరు చిరిగితే ఇంజిన్ ఎక్కువ ఊగుతుంది. బానెట్ తెరిచి, ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం వదిలి చూడండి, ఇంజిన్ ఎంత ఎగురుతుందో. బండి ముందు ఎవరూ నిలబడొద్దు, పక్కనుంచి చూడాలి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది కడ్డీ) రబ్బరు బుష్‌లు కూడా చూపించు.

గంటస్తంభం_టర్బో (విజయనగరం)

మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించాం. కింద మౌంటింగ్ రబ్బరు సగం దాకా చిరిగి ఉంది, లోయర్ ఆర్మ్ బుష్‌లు బాగానే ఉన్నాయి. మౌంటింగ్ మార్పించాను. ఈ ఉదయం కళ్ళం మీద 2400 నుంచి మొదలుపెట్టి 2800 దాకా వెళ్ళాను, గడగడ రాలేదు, క్లచ్ వాసన కూడా రాలేదు. 3000 ఇప్పుడే వద్దనుకున్నాను. మీట్ ఇంకో మూడు వారాల్లో. మొదటి రన్ 2500, ముందు టైర్లు 28. స్లిప్ చేతికి రాగానే ఇక్కడ పెడతాను.